అమెరికాలో మెడికల్ సీటు రాలేదా..? స్కోరు ఒక్కటే పెంచుకుని మళ్లీ అప్లై చేస్తే ఏమవుతుందంటే..

అమెరికాలో మెడికల్ కాలేజీలకు అప్లై చేసిన పిల్లలున్న ఇళ్లలో ఏప్రిల్, మే నెలలు టెన్షన్‌గా గడుస్తాయి. ఒకటికి మించి సీట్లు వచ్చినవాళ్లు ఏప్రిల్ 30కల్లా ఏదో ఒక కాలేజీని ఎంచుకోవాలి. వాళ్లు వదులుకున్న సీట్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు వెళ్తాయి. ఆ లిస్టు కూడా కదలకపోతే ఆ ఏడాదికి ఆశ వదులుకోవాల్సిందే. సరిగ్గా అదే సమయంలో, మే మొదట్లో, కొత్త సీజన్ అప్లికేషన్ తెరుచుకుంటుంది. ‘వెంటనే మళ్లీ వేసేద్దాం, ఈసారి ఎక్కడో ఒకచోట తగలకపోదు’ అన్న తొందర ఇక్కడే మొదలవుతుంది.

రెండో ఏడాదిని కూడా మింగేసేది ఈ తొందరే. పాత ఫలితం తేలడానికి, కొత్త అప్లికేషన్ పంపడానికి మధ్య ఉండేది కొన్ని వారాలే. అంత తక్కువ టైంలో విద్యార్థి ఫైలులో మారేది దాదాపు ఏమీ ఉండదు. పోయినసారి వద్దన్న కాలేజీకి మళ్లీ అదే ఫైలు పంపితే జవాబు మారుతుందని ఆశించడం కష్టం.

ముందు ఒక చిన్న వివరణ. మన దగ్గర ఎండీ అంటే ఎంబీబీఎస్ తర్వాత చేసే పీజీ. అమెరికాలో అలా కాదు. నాలుగేళ్ల డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు చదివే మెడిసిన్ కోర్సునే అక్కడ ఎండీ అంటారు. దాని ప్రవేశ పరీక్ష పేరు ఎంక్యాట్. ఎక్కువ కాలేజీలకు అప్లికేషన్ వెళ్లేది ‘ఆమ్‌కాస్’ అనే ఉమ్మడి విధానం ద్వారా. దీన్ని అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ నడుపుతుంది.

ఎండీ సీట్లకు ఏటా దాదాపు 52 వేల మంది పోటీ పడితే చేరేది 23 వేల మందే. అంటే సగానికి పైగా ఖాళీ చేతులతో మిగులుతున్నారు. అప్లై చేసేవాళ్లలో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరు అంతకుముందు ఒకసారైనా వేసినవాళ్లే. కాబట్టి రెండోసారి వేయడం తలవంపులేమీ కాదు. ఏం మార్చుకుని వేస్తున్నారన్నదే ముఖ్యం.

ఇది ర్యాంకుల లెక్క కాదు

తెలుగు తల్లిదండ్రులకు బాగా అలవాటైన పద్ధతి వేరు. ఎంసెట్ అయినా, నీట్ అయినా మార్కు వస్తే ర్యాంకు, ర్యాంకు వస్తే సీటు. రాలేదంటే లాంగ్ టర్మ్. అందుకే డల్లాస్‌లో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా సీటు రాలేదనగానే ఇంట్లో వినిపించే మొదటి మాట ఒకటే.. ‘ఇంకో ఆర్నెల్లు గట్టిగా కూర్చుంటే స్కోరు పెరగదా అమ్మా?’

పెరగొచ్చు. కానీ స్కోరు తక్కువై సీటు పోయిందా అన్నది ముందు తేలాలి. ఏఏఎంసీ ఏటా విడుదల చేసే పట్టికలో కళ్లు తెరిపించే విషయం ఒకటుంది. డిగ్రీలో జీపీఏ 3.8 దాటి, ఎంక్యాట్‌లో 517కు పైన తెచ్చుకున్నవాళ్లలో కూడా దాదాపు ప్రతి ఐదారుగురిలో ఒకరికి ఎక్కడా సీటు రావడం లేదు. ఎంక్యాట్ గరిష్ఠ మార్కు 528. సీట్లు వచ్చి చేరినవాళ్ల సగటు 511, 512 దగ్గర ఉంటుంది. సగటును అంత దాటినవాళ్లకే సీటు రాలేదంటే లోటు మార్కుల్లో లేదన్నమాట.

ఎక్కడ ఆగిందో ముందు చూసుకోవాలి

అప్లికేషన్ మూడు మెట్లు ఎక్కాలి. మొదటిది అన్ని కాలేజీలకూ వెళ్లే ఉమ్మడి అప్లికేషన్. రెండోది ఒక్కో కాలేజీ విడిగా పంపే ప్రశ్నలకు వ్యాసాలు రాయడం. దీన్ని సెకండరీ అంటారు. మూడోది ఇంటర్వ్యూ. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదంటే లోపం ఫైలులో ఉండాలి, లేదా కాలేజీల ఎంపికలో, లేదా పంపిన తేదీలో. నాలుగైదు ఇంటర్వ్యూలకు వెళ్లి అన్నిచోట్లా వెయిటింగ్ లిస్టులో మిగిలితే మాత్రం ఫైలు బాగానే ఉన్నట్టు. అలాంటి విద్యార్థి మళ్లీ ఎంక్యాట్ పుస్తకాలు తీయడం కంటే ఇంటర్వ్యూ ప్రాక్టీస్ మీద కూర్చోవడం మేలు.

తేదీ దెబ్బను చాలామంది గుర్తించరు. ఎక్కువ కాలేజీలు ఫైళ్లను వచ్చిన వరుసలో చూస్తూ ఇంటర్వ్యూలకు పిలుస్తుంటాయి. అక్టోబర్ మధ్య నుంచి సీట్ల ఆఫర్లు కూడా మొదలైపోతాయి. గడువు ఉంది కదా అని సెప్టెంబర్‌లోనో అక్టోబర్‌లోనో పంపితే, అప్పటికే ఇంటర్వ్యూ తేదీలు చాలావరకు నిండిపోయి ఉంటాయి. పైగా మార్కుల రికార్డులను ఆమ్‌కాస్ సరిచూడటానికే రద్దీ సమయంలో వారాలు పడుతుంది. జూన్‌లో వెళ్లిన ఫైలుకు, సెప్టెంబర్‌లో వెళ్లిన ఫైలుకు దక్కే అవకాశం ఒకటి కాదు.

ఫలితాల తర్వాత అడిగితే లోపం ఎక్కడుందో చెప్పే కాలేజీలు కొన్ని ఉన్నాయి. అన్నీ చెప్పవు. అయినా అడిగితే పోయేదేం లేదు. డిగ్రీ చదివిన యూనివర్సిటీలో ప్రీ-మెడ్ సలహాదారు ఉంటే, పాత విద్యార్థులకు కూడా చాలాచోట్ల సాయం చేస్తారు.

ఎంక్యాట్ మళ్లీ రాయాలా?

రాయాల్సినవాళ్లు ఉన్నారు. మొత్తం స్కోరు 500 చుట్టుపక్కల ఉన్నా, నాలుగు సెక్షన్లలో ఏదో ఒకటి బాగా దెబ్బతిన్నా మళ్లీ రాయడంలో అర్థం ఉంది. 514 వచ్చిన విద్యార్థి 517 కోసం ఏడాది ఖర్చు పెట్టడం మాత్రం తెలివైన పని కాదు. మళ్లీ రాసినవాళ్లకు పెరిగేది మధ్యస్థంగా రెండు మూడు పాయింట్లే. తగ్గే ప్రమాదం కూడా ఉంది. కాలేజీలకు పాత, కొత్త స్కోర్లు అన్నీ కనిపిస్తాయి. ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు రాయడానికీ వీల్లేదు. ఏడాదిలో 3 సార్లు, వరుసగా రెండేళ్లలో 4 సార్లు, జీవితం మొత్తంలో 7 సార్లు. ఫీజు కట్టి పరీక్షకు వెళ్లకపోయినా అది ఒక ప్రయత్నం కిందే లెక్క.

ఇంకో మెలిక కూడా ఉంది. చాలా కాలేజీలు రెండు మూడేళ్ల కంటే పాత స్కోరును ఒప్పుకోవు. ఒక సీజన్ ఆగుదామనుకునేవాళ్లు తమ స్కోరు అప్పటిదాకా చెల్లుతుందో లేదో ముందే చూసుకోవాలి.

జీపీఏ సంగతి వేరు. డిగ్రీలో తక్కువ గ్రేడ్ వచ్చిన సబ్జెక్టును మళ్లీ చదివినా ఆమ్‌కాస్ పాత గ్రేడును తీసేయదు, రెండూ కలిపే లెక్కిస్తుంది. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్‌కు విడిగా ఇంకో జీపీఏ కూడా కడుతుంది. సైన్స్‌లో వెనకబడినవాళ్లు డిగ్రీ తర్వాత ‘పోస్ట్-బ్యాక్’ కోర్సులు చేస్తే ఆ మార్కులు డిగ్రీ జీపీఏలో కలుస్తాయి. మాస్టర్స్ మార్కులు మాత్రం కలవవు, వేరే వరుసలో కనిపిస్తాయి. తెలియక మాస్టర్స్‌కు భారీగా ఫీజు కట్టి, డిగ్రీ జీపీఏ అంగుళం కూడా కదల్లేదేంటని ఆ తర్వాత తలపట్టుకునేవాళ్లు ఉన్నారు.

అసలు లోటు ఎక్కువగా ఇక్కడే

మార్కులు బాగున్నా ఆగిపోయిన ఫైళ్లలో తరచూ కనిపించే లోటు రోగుల మధ్య గడిపిన సమయం. ‘డాక్టర్ కావాలనుంది’ అని రాసిన విద్యార్థికి ఆసుపత్రి పని ఎలా ఉంటుందో అసలు తెలుసా అన్నది కాలేజీల ప్రశ్న.

తెలుగు కుటుంబాల్లో దీనికి సులువైన దారి ఒకటుంది. డాక్టరైన బాబాయి క్లినిక్‌లోనో, నాన్న స్నేహితుడి ఆసుపత్రిలోనో రెండు వారాలు వెనకాల నిలబడి చూడటం. దీన్ని షాడోయింగ్ అంటారు. అది అవసరమే, కాదనలేం. కానీ అది చూడటం మాత్రమే. కాలేజీలు వెతికేది విద్యార్థి తన చేత్తో చేసిన పని. నర్సింగ్ అసిస్టెంట్‌గా రోగిని పక్కమీద తిప్పడం, అంబులెన్స్ సిబ్బందిగా సర్టిఫికెట్ తెచ్చుకుని డ్యూటీ చేయడం, డాక్టర్ రోగితో మాట్లాడుతుంటే కేసు వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే స్క్రైబ్ ఉద్యోగం, చివరి దశ రోగులుండే హాస్పిస్ కేంద్రంలో వలంటీర్‌గా వెళ్లడం.. ఇలాంటివి. వీటికి నెలలు పడుతుంది. ఒక సీజన్ ఆగడం మంచిదని చెప్పడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

సెలవులకు గుంటూరో వరంగలో వచ్చినప్పుడు తెలిసినవాళ్ల ఆసుపత్రిలో చేరి ‘కుట్లు కూడా వేయనిచ్చారు’ అని గొప్పగా రాసుకునేవాళ్లూ ఉన్నారు. ఇది ఎదురు తిరిగే వ్యవహారం. విదేశాల్లో శిక్షణ లేకుండా రోగుల మీద వైద్యపు పనులు చేయొద్దని ఏఏఎంసీ ప్రత్యేకంగా మార్గదర్శకాలే ఇచ్చింది. ఎంపిక కమిటీ అలాంటి వాక్యం చదివి మెచ్చుకోదు, విద్యార్థి విచక్షణను అనుమానిస్తుంది. అదే ఆసుపత్రిలో ఓపీ దగ్గర కూర్చుని, పల్లెల నుంచి వచ్చినవాళ్లు మందుల చీటీ అర్థం కాక ఎలా తిప్పలు పడుతున్నారో చూసి రాస్తే అది పనికొస్తుంది.

పని వివరాలు రాసుకోవడానికి అప్లికేషన్‌లో 15 గడులుంటాయి. పదిహేనూ నింపాలన్న రూలు లేదు. రెండేసి వారాల పనులు పదిహేను కంటే, రెండేళ్లు వదలకుండా చేసిన పని ఒక్కటి బరువు తూగుతుంది.

వ్యాసం, సిఫార్సు లేఖలు

ప్రధాన వ్యాసానికి హద్దు ఖాళీలతో కలిపి 5,300 అక్షరాలు. రెండోసారి వేసేటప్పుడు పాత వ్యాసాన్నే అటూఇటూ మార్చి పంపడం పెద్ద పొరపాటు. అదే కాలేజీకి మళ్లీ వేస్తే పాత ఫైలును పక్కన పెట్టుకుని పోల్చి చూసే వీలు వాళ్లకుంటుంది. ‘పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది?’ అని సెకండరీల్లో సూటిగా అడిగే కాలేజీలు చాలానే ఉన్నాయి. దానికి చెప్పడానికి పని కనిపించాలి. ‘పట్టుదల పెరిగింది’ అంటే చాలదు.

సిఫార్సు లేఖలు ఆమ్‌కాస్‌లో పాత సీజన్ నుంచి కొత్త సీజన్‌కు వాటంతట అవి రావు. మళ్లీ అడిగి తెప్పించుకోవాలి. గ్యాప్‌లో పనిచేసిన చోట పైఅధికారి కొత్తగా రాసిన లేఖ ఉంటే ఇంకా మంచిది. కుటుంబ స్నేహితుడైన పెద్ద డాక్టర్ లెటర్‌హెడ్ మీద ‘మంచి అబ్బాయి’ అని రాసిచ్చినా దాని విలువ అంతంతే.

కాలేజీల జాబితా.. డబ్బు లెక్క

మొదటి కాలేజీకి ఆమ్‌కాస్ ఫీజు 175 డాలర్లు, ఆ తర్వాత ఒక్కో కాలేజీకి 40 డాలర్లకు పైనే. సెకండరీలకు చాలా కాలేజీలు విడిగా వసూలు చేస్తాయి. ఇరవై కాలేజీలంటే వేల డాలర్ల మాటే. అంత పెట్టి హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ లాంటి పేర్లతోనే జాబితా నింపితే డబ్బు పోయినట్టే. సొంత రాష్ట్రం కాలేజీలు జాబితాలో ముందుండాలి. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో బయటి రాష్ట్రాలవాళ్లకు 10 శాతానికి మించి సీట్లు దక్కవు. వాటికి అప్లికేషన్ పోర్టల్ కూడా వేరు.

డీఓ కాలేజీలను తక్కువగా చూసే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. ‘డీఓ అంటే అసలు డాక్టరేనా?’ అని బంధువులు అడుగుతుంటారు. అక్షరాలా డాక్టరే. అన్ని రాష్ట్రాల్లో పూర్తి ప్రాక్టీసు హక్కులున్నాయి. 2020 నుంచి ఎండీ, డీఓ ఇద్దరికీ రెసిడెన్సీ గుర్తింపు వ్యవస్థ కూడా ఒక్కటే అయింది. మొదటిసారి ఎండీ కాలేజీలకు మాత్రమే వేసి వెనక్కొచ్చినవాళ్లు రెండోసారి డీఓ కాలేజీలను కలుపుకోవడం సరైన నిర్ణయం.

అప్పుల రూల్స్ కూడా మారాయి. 2026 జులై 1 నుంచి కొత్తగా రుణం తీసుకునే మెడికల్ విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ రుణం ఉండదు. ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లకే పరిమితం. ఫీజు అంతకు మించిన కాలేజీల్లో మిగతాది ఎక్కడి నుంచి తేవాలో అప్లై చేసే ముందే లెక్క వేసుకోవాలి.

హెచ్-4 పిల్లలకు గ్యాప్ అంత సులువు కాదు

ఒక ఏడాది ఆగమనడం అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు తేలికే. తల్లిదండ్రులు హెచ్-1బీ మీద ఉండి గ్రీన్ కార్డు క్యూలో ఏళ్లుగా ఎదురుచూస్తున్న కుటుంబాల్లో కథ వేరు. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు జీతం తీసుకుని పనిచేసే హక్కు లేదు. అంటే స్క్రైబ్ ఉద్యోగం వాళ్లకు కుదరదు. 21 ఏళ్లు నిండితే ఆ వీసా హోదానే పోతుంది, ఎఫ్-1కు మారాలి. ఎఫ్-1 మీద డిగ్రీ పూర్తి చేసినవాళ్లు ఖాళీగా ఉండటానికి వీల్లేదు. చదివిన సబ్జెక్టుకు సంబంధించిన పనిలో ఓపీటీ తీసుకోవాలి, లేదా మరో కోర్సులో చేరాలి. బయాలజీ చదివినవాళ్లకు రీసెర్చ్ ల్యాబ్ ఉద్యోగం ఇక్కడ అక్కరకొస్తుంది.

పైగా గ్రీన్ కార్డు లేనివాళ్లను అసలు తీసుకోని మెడికల్ కాలేజీలే ఎక్కువ. తీసుకునేవి ఏవో ఏఏఎంసీ నిర్వహించే ఎంఎస్ఏఆర్ డేటాబేస్‌లో కాలేజీల వారీగా ఉంటుంది. వీళ్లకు ఫెడరల్ రుణాలు కూడా రావు. ఈ పిల్లలు మొదటిసారి వేసినా, రెండోసారి వేసినా ముందుగా ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి, ఆ తర్వాతే కాలేజీల జాబితా రాసుకోవాలి.

గ్యాప్ తీసుకోవాలని నిర్ణయించుకున్నవాళ్లు తేదీలను వెనక నుంచి లెక్కపెట్టుకోవాలి. జూన్ మొదట్లో అప్లికేషన్ వెళ్లాలంటే లేఖలు మార్చిలోనే అడగాలి. ఎంక్యాట్ మళ్లీ రాసేవాళ్లు జనవరి నుంచి ఏప్రిల్ మధ్య రాసేస్తే స్కోరు నెల రోజుల్లో చేతికొస్తుంది. ఆసుపత్రి పనిలో మాత్రం సీటు రాలేదని తెలిసిన ఆ మే నెలలోనే చేరిపోవాలి. అప్పుడే తర్వాతి జూన్ నాటికి అప్లికేషన్‌లో రాసుకోవడానికి ఏడాది పని చేతిలో ఉంటుంది.