పాడే గొంతుకూ, మారే గొంతుకూ ఒకటే వైద్యం

క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలైతే బొంగురు గొంతులతో మా దగ్గరకు వచ్చేవారు ఎక్కువవుతారు. పై స్థాయి కోసం గొంతు బిగించి పాడితే స్వరతంతువులు ఒరుసుకుని కాయలు కడతాయి. గుసగుసలాడితే విశ్రాంతి అనుకోకండి, అదీ శ్రమే.

స్త్రీలుగా జీవించే ట్రాన్స్‌జెండర్లదీ ఇదే ఇబ్బంది. యుక్తవయసులో మందమైన స్వరతంతువులు ఈస్ట్రోజన్ వాడినా సన్నబడవు. ఫోనులో “సార్” అనిపించుకోలేక కొందరు గొంతు నొక్కిపెట్టి మాట్లాడి నొప్పి తెచ్చుకుంటారు. టెస్టోస్టెరాన్ తీసుకునే ట్రాన్స్ పురుషులకైతే గొంతు మందుతోనే లావవుతుంది.

స్పీచ్ థెరపిస్టు ఇద్దరికీ ఊపిరి పట్టు నేర్పుతారు. గ్లాసు నీళ్లలో స్ట్రాతో బుడగలు ఊదుతూ రాగం తీయిస్తారు. ట్రాన్స్ మహిళలకు స్థాయితోపాటు పలుకు తీరూ నేర్పుతారు. నెలలు పడుతుంది. బొంగురు నాలుగు వారాలు దాటితే మాత్రం ముందు గొంతు డాక్టరుకు చూపించండి.