మనస్తత్వ చిత్రణ అంటే ఏమిటి? రచయితలకు మనస్తత్వ శాస్త్ర పరిచయం

మన సాహిత్య విమర్శలో వాడి వాడి అరిగిపోయిన మాటల్లో 'మనస్తత్వ చిత్రణ' ఒకటి. కథ నచ్చితే మనస్తత్వ చిత్రణ బాగుందంటాం. నచ్చకపోతే అది లోపించిందంటాం. ఆ మాటకు అర్థం విడమరచి చెప్పమంటే మాత్రం చాలామందిమి తడుముకుంటాం. ఈ అస్పష్టత నీడలో రెండు రకాల రచనలు పెరుగుతున్నాయి. మొదటి రకంలో పాత్ర చేసే ప్రతి పనికీ చిన్ననాటి గాయమో, అణచుకున్న కోరికో కారణంగా దొరుకుతుంది. ఆ మనిషి ఏం తిని బతుకుతున్నాడో, ఎవరికి బాకీ పడ్డాడో కథకు అక్కర్లేదు. రెండో రకంలో కూలీలందరూ ఒకేలా బాధపడతారు, భూస్వాములందరూ ఒకేలా ఆలోచిస్తారు. పేర్లు తారుమారు చేసినా పాఠకుడికి తేడా తెలియదు. మొదటి రకం మనసును సమాజం నుంచి తెంచివేస్తే, రెండో రకం మనిషిలోంచి మనసునే తీసివేస్తుంది.

మనసు గురించి శాస్త్రం ఏం చెబుతోంది, ఎలా చెబుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది రచయిత కొంతవరకైనా తెలుసుకుంటే ఈ రెండు పొరపాట్ల నుంచీ బయటపడే అవకాశం ఉంది. ఈ వ్యాసం ఉద్దేశం అంతవరకే.

మనసు గురించి ఆలోచన కొత్తది కాదు. తత్వవేత్తలూ, వైద్యులూ, కవులూ వేల ఏళ్ళుగా ఆ పని చేస్తూనే ఉన్నారు. అయితే ఎవరి ఆలోచన సరైనదో తేల్చుకునే మార్గం వారి దగ్గర లేదు. విల్‌హెల్మ్ వుంట్ 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ప్రయోగశాల నెలకొల్పడాన్ని ఈ శాస్త్రానికి ప్రారంభంగా చెప్పుకోవడంలో అర్థం అదే. ఒక శబ్దం వినిపించినప్పుడు, ఒక దీపం వెలిగినప్పుడు తనలో కలిగిన అనుభూతిని మనిషి తానే గమనించి చెప్పాలి. దీన్ని అంతఃపరిశీలన అన్నారు. దీనికొక పెద్ద చిక్కుంది. ఇద్దరు పరిశీలకులు చెరొక మాట చెబితే ఎవరిది నిజమో తేల్చేదెవరు? ఒకరి తలలోకి మరొకరు తొంగి చూడలేరు కదా!

ఈ చిక్కును తెంచడానికి అమెరికాలో జాన్ వాట్సన్ 1913లో తీవ్రమైన దారి తొక్కాడు. కంటికి కనిపించేది ప్రవర్తన ఒక్కటే కాబట్టి శాస్త్రం దాన్నే పరిశీలించాలన్నాడు. అప్పటికే రష్యాలో పావ్లోవ్, ఆహారానికి ముందు ఒక సంకేతాన్ని పదే పదే వినిపిస్తే చివరికి ఆ సంకేతానికే కుక్క నోట లాలాజలం ఊరుతుందని చూపించి ఉన్నాడు. అలవాటు అనే మాటను కొలవగలిగే విషయంగా మార్చిన ఘనత పావ్లోవ్‌ది. కాని మనిషి అలవాట్ల మూట మాత్రమే కాదు. ప్రవర్తనావాది స్కిన్నర్ భాషను కూడా ఉద్దీపన, ప్రతిస్పందనల లెక్కలో ఇమిడ్చి రాసిన గ్రంథాన్ని 1959లో నోమ్ చోమ్‌స్కీ సమీక్షిస్తూ, అంతకుముందెన్నడూ వినని వాక్యాన్ని పిల్లవాడు ఎలా పలుకుతున్నాడో ఆ లెక్క వివరించలేదని వాదించాడు. మనసును తిరిగి శాస్త్రంలోకి తెచ్చుకోక తప్పలేదు. కాని ఈసారి అది వచ్చింది అంతఃపరిశీలన ద్వారా కాదు. మనిషి చేసే పనిలోంచి, చేసే పొరపాట్లలోంచి, అందుకు పట్టే కాలంలోంచి లోపల జరుగుతున్నదాన్ని ఊహించడం, ఆ ఊహను పరీక్షకు పెట్టడం అనే పద్ధతిలో వచ్చింది.

ఆ పద్ధతి ఎలాంటిదో ఒక ఉదాహరణ చూద్దాం. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు పరిశోధకులు 150 మంది విద్యార్థులకు ఒక కారు ప్రమాదం ఫిల్మ్ చూపించారు. తర్వాత 50 మందిని, కార్లు ఒకదానికొకటి తగిలినప్పుడు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. మరో 50 మందిని అదే ప్రశ్న, 'గుద్దుకుని నుజ్జయినప్పుడు' అనే అర్థం వచ్చే క్రియతో అడిగారు. మిగిలిన 50 మందిని వేగం గురించి అడగలేదు. వారం తర్వాత, పగిలిన గాజు ముక్కలు చూశారా అని అందరినీ అడిగారు. ఫిల్మ్‌లో గాజు ముక్కలే లేవు. అయినా మొదటి జట్టులో 7 మంది, రెండో జట్టులో 16 మంది చూశామన్నారు. వేగం గురించి అడగనివాళ్ళలో 6 మంది అన్నారు. ఒక్క క్రియాపదం జ్ఞాపకంలో గాజు పగలగొట్టింది! జ్ఞాపకం అంటే పెట్టెలో దాచిన ఫొటో కాదనీ, గుర్తు చేసుకున్న ప్రతిసారీ మళ్ళీ కట్టుకునే కట్టడమనీ బార్ట్‌లెట్ 1932లోనే చెప్పాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇచ్చి తిరిగి చెప్పించినప్పుడు ఇంగ్లీషువాళ్ళు తమకు పరిచయం లేని వివరాలను వదిలేసి, తమకు తెలిసిన లోకానికి తగినట్టు కథను మార్చుకున్నారు.

మాటలతో పని చేసేవాళ్ళం మనం ఇక్కడ కాసేపు ఆగాలి. పోలీసు అడిగే ప్రశ్నకూ, కోర్టులో సాక్షి ఇచ్చే జవాబుకూ మధ్య ఏం జరుగుతుందో ఈ ప్రయోగం సూచిస్తోంది. ఆత్మకథ రాసేవాడు అబద్ధమాడకుండానే నిజానికి ఎలా దూరమవుతాడో కూడా చెబుతోంది.

మన సాహిత్యంలోకి మనస్తత్వ శాస్త్రం వచ్చింది ప్రయోగశాల గుమ్మంలోంచి కాదు. చాలామేరకు ఫ్రాయిడ్ గుమ్మంలోంచి వచ్చింది. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోసు 1922 నాటికే భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' గురించి జరిగిన చర్చలో ఫ్రాయిడ్ పేరు రాకుండా పోలేదు. మనిషి తాను చేసే పనుల అసలు కారణాలన్నీ తనకు తెలుసనుకోవడం భ్రమ అని ఫ్రాయిడ్ గట్టిగా చెప్పాడు. ఆ మాట నిలిచింది. మన ఆలోచనలో ఎక్కువ భాగం మన ఎరుక లేకుండానే సాగుతుందని తర్వాతి ప్రయోగాలు కూడా చూపాయి. అయితే ఆ ఎరుక లేని భాగంలో ఉన్నదంతా అణచిన లైంగిక వాంఛేనన్న సిద్ధాంతానికి అలాంటి బలం దొరకలేదు. రోగి ఒప్పుకుంటే సిద్ధాంతం నిజమైంది, కాదంటే అది 'ప్రతిఘటన' కాబట్టి మళ్ళీ నిజమైంది అనే వాదనను ఏ పరీక్షా ఓడించలేదు. ఎన్నడూ ఓడిపోని సిద్ధాంతం శాస్త్రానికి పనికిరాదు. రచయిత ఫ్రాయిడ్ నుంచి అనుమానించడం నేర్చుకోవచ్చు. కారణాల పట్టికను మాత్రం అరువు తెచ్చుకోనక్కర్లేదు.

మరి సమాజం మనసులోకి ఎలా ప్రవేశిస్తుంది? ఈ ప్రశ్నను సూటిగా వేసుకున్నవాడు సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ. 37 ఏళ్ళకే, 1934లో క్షయవ్యాధితో మరణించాడు. పిల్లవాడు ముందు ఇతరులతో మాట్లాడతాడు. తర్వాత ఆడుకుంటూ తనతో తాను పైకి మాట్లాడుకుంటాడు. క్రమంగా ఆ మాట లోపలికి వెళ్ళి ఆలోచనకు పనిముట్టవుతుంది. అంటే మనం పూర్తిగా ఒంటరిగా ఉన్నామనుకునే చోట కూడా ఇతరుల నుంచి వచ్చిన మాటే పని చేస్తోంది. సమాజం మనసుకు బయట ఉన్న గోడ కాదు. మనసు నేయబడిన నూలులోనే అది ఉంది.

వైగోట్‌స్కీ మరో విషయం గమనించాడు. ఈ అంతర్భాషణలో కర్త జారిపోతుంది, క్రియ మిగులుతుంది. ఎవరి గురించి ఆలోచిస్తున్నామో మనకు తెలుసు కనుక ఆ పేరు చెప్పుకోనక్కర్లేదు. చైతన్య స్రవంతి రాయాలనుకునేవారికి ఇది విలువైన సంగతి. ఆ పేరుకు మూలమైన పోలికను విలియం జేమ్స్ 1890లో మనస్తత్వ శాస్త్ర గ్రంథంలో ప్రచారంలోకి తెచ్చాడు. తెలుగులో ఆ పద్ధతిలో నవీన్ రాసిన 'అంపశయ్య' 1969లో వెలువడింది. మన క్రియలోనే పురుష ప్రత్యయం ఉంది. 'వెళ్ళాను' అంటే చాలు, 'నేను' అవసరం లేదు. ఇంత అనువైన భాష చేతిలో ఉండగా, పాత్ర తనలో తాను అనుకునే మాటల్ని ఉపన్యాసంలాంటి నిండు వాక్యాల్లో రాయడం భాషకూ అన్యాయమే, మనసుకూ అన్యాయమే.

వైగోట్‌స్కీ సహచరుడు లూరియా 1931, 1932 సంవత్సరాల్లో ఉజ్బెకిస్తాన్ పల్లెలకు వెళ్ళాడు. మంచు ఉండే దూర ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లనివనీ, ఫలానా చోటు ఉత్తరాన మంచులో ఉందనీ చెప్పి, అక్కడి ఎలుగుబంట్ల రంగేమిటని నిరక్షరాస్యులైన రైతుల్ని అడిగాడు. చూడనిదాని గురించి చెప్పలేమని చాలామంది అన్నారు. బడికి వెళ్ళినవాళ్ళు తెలుపని చెప్పారు. చదువు తర్కాన్ని ఇస్తుందని దీన్నిబట్టి తేల్చేయవచ్చా? తొందరపడకూడదని 1981లో స్క్రిబ్నర్, కోల్ వెలువరించిన పరిశోధన చూపింది. పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలో వాయి ప్రజలకు సొంత లిపి ఉంది. దాన్ని బడి బయటే నేర్చుకుంటారు. ఆ అక్షరజ్ఞానం ఒక్కటే ఆలోచనా విధానాన్ని మొత్తంగా మార్చలేదు. అలాంటి ప్రశ్నలకు కారణం చెప్పి జవాబివ్వడంలో బడికి వెళ్ళినవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. అంటే బడి నేర్పేది బడి ఆట నియమాలను కూడా. కాబట్టి నిరక్షరాస్యుడైన పాత్రను ఆలోచన లేనివాడిగా చూపించే రచయిత ముందు తన కళ్ళను తాను పరీక్షించుకోవాలి. కళ్ళతో చూడనిది చెప్పనన్న రైతు మాటలో ఒక నిజాయితీ ఉంది. దాన్ని మనం అజ్ఞానమని అనువదించుకుంటున్నాం.

మనకు దగ్గరి ఉదాహరణలు కూడా ఉన్నాయి. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం కోసం తమిళనాడులో 464 మంది చెరకు రైతుల్ని పరీక్షించారు. చెరకు డబ్బు ఏడాదికోసారి కోత తర్వాత వస్తుంది. కోతకు ముందు చేతిలో పైసా ఆడదు. అదే రైతు కోతకు ముందు కంటే కోత తర్వాత బుద్ధి పరీక్షల్లో మెరుగ్గా చేశాడు. బుద్ధి మారలేదు, బుద్ధిని ఆక్రమించిన దిగులు తగ్గింది అన్నది పరిశోధకుల వివరణ. మరొకటి ఉత్తరప్రదేశ్ పల్లెల్లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే 321 మంది పైకులాల బాలురతో, 321 మంది దళిత బాలురతో చేసిన ప్రయోగం. చిక్కుదారి బొమ్మల్లో దారి కనుక్కోమన్నారు. కులం ప్రస్తావన లేనప్పుడు రెండు జట్లూ ఇంచుమించు సమానంగా చేశాయి. అందరి ముందూ పేరుతో పాటు కులం చదివాక దళిత బాలుర ఫలితం గణనీయంగా పడిపోయింది. ఆ క్షణంలో ఆ బాలుడి లోపల ఏం జరిగిందో అంకెలు చెప్పవు. కథ చెప్పగలదు. శాస్త్రం ఆగే చోటు, సాహిత్యం మొదలయ్యే చోటు అదే.

అయితే ఏ ప్రయోగమూ వేదవాక్కు కాదు. జీతం రోజుకు ముందూ తర్వాతా అమెరికాలో పేదల్ని పరీక్షించి 2016లో ప్రచురించిన పరిశోధనలో చెరకు రైతుల్లో కనిపించిన తేడా కనిపించలేదు. మనస్తత్వ పత్రికల్లో వచ్చిన 100 ప్రయోగాలను తిరిగి చేసి చూసినప్పుడు సుమారు 36 శాతంలోనే ఫలితం గణాంకపరంగా నిలబడిందని 2015లో ప్రకటించారు. పరిశోధనకు లోనైనవారిలో 96 శాతం ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారని 2010లో వెలువడిన ఒక సమీక్ష ఎత్తిచూపింది. 'మానవ స్వభావం' పేరుతో మనం చదువుతున్నది చాలాసార్లు అమెరికా కళాశాల విద్యార్థి స్వభావమన్నమాట. ఈ తప్పుల్ని బయటపెట్టినది బయటివాళ్ళు కాదు, ఎక్కువగా ఆ శాస్త్రవేత్తలే. శాస్త్రానికీ మూఢనమ్మకానికీ తేడా అక్కడే ఉంది.

తేడాను మరచినప్పుడు ఏం జరుగుతుందో చరిత్ర చెబుతుంది. ఫ్రాన్సులో బినే 1905లో బుద్ధి పరీక్ష తయారుచేసింది వెనుకబడిన పిల్లలకు సాయం అందించడానికి. అట్లాంటిక్ దాటేసరికి అదే పరీక్ష పుట్టుకతో వచ్చిన విలువను కొలిచే తక్కెడ అయింది. 'మందబుద్ధి' అని ముద్ర వేసిన స్త్రీకి బలవంతంగా సంతానం కలగకుండా చేయడాన్ని 1927లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. మన దేశంలో వలస ప్రభుత్వానికి పరీక్ష కూడా అక్కర్లేకపోయింది. 1871 చట్టం కొన్ని జాతులకు జాతులనే పుట్టు నేరస్తులుగా ప్రకటించింది. గుంటూరు సీమలో స్టూవర్టుపురం ఆ భావన మీదే వెలిసిన సెటిల్‌మెంటు. ఆ చట్టం 1952లో రద్దయింది. కాని ఆ ఊరి పేరు వినగానే దొంగను ఊహించే అలవాటు రద్దు కాలేదు. మన కథలూ, సినిమాలూ దాన్ని పోషించాయి. ప్రవర్తనను రక్తంలో వెతకడం ఎవరికి లాభమో ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు పతనాన్ని కేవలం వ్యక్తిగత మనోరోగంగా చదివితే సగం నవలే చదివినట్టు. వంశ ప్రతిష్ఠ అనే విలువను తండ్రి కొడుకు మనసులో నాటాడు. దాన్ని నిలబెట్టే ఆస్తి కరిగిపోయింది, విలువ మాత్రం లోపల ఉండిపోయింది. అయితే ఆస్తి కరిగిన ప్రతివాడూ సీతారామారావు కాడు. కాబట్టి కరిగిన ఆస్తి లెక్క ఒక్కటే చెప్పినా మిగిలిన సగమే చదివినట్టు. ఆ సాధారణ స్థితి ఈ ఒక్క మనిషిలో ఈ రూపం ఎందుకు తీసుకుందో చూపించడమే మనస్తత్వ చిత్రణ.

రచయిత ప్రయోగశాలకు వెళ్ళనక్కర్లేదు. శాస్త్రవేత్త దగ్గర నేర్చుకోవలసింది ఒక అలవాటు: పాత్ర ఒక పని చేసినప్పుడు, పరిస్థితి మరోలా ఉంటే ఈ మనిషి ఇదే పని చేసేవాడా అని ప్రశ్నించుకోవడం. జవాబు తెలియకపోతే ఆ పాత్ర మనకింకా తెలియదు. మళ్ళీ వెళ్ళి ఆ మనిషిని చూడాలి, అతని మాట వినాలి. ఆ తర్వాతే రాయాలి.