8 కేబీ చిప్, 2 కేబీ కంపైలర్

మైక్రోకంట్రోలర్‌కి ఏ సి కంపైలర్ మంచిదని అడిగేవాళ్లు ముందు చిప్ పేరు చెప్పాలి. జవాబు సగం అక్కడే తేలిపోతుంది.

మన పాలిటెక్నిక్ ల్యాబుల్లో చాలాచోట్ల కనిపించే ఏటీ89ఎస్52నే తీసుకుందాం. 8051 కుటుంబానికి చెందిన ఈ చిప్‌లో ఫ్లాష్ 8 కేబీ, ర్యామ్ 256 బైట్లు. విద్యార్థులు వాడే కీల్ సీ51 కంపైలర్ ఉచిత వెర్షన్‌లో కోడ్ పరిమితి 2 కేబీ. అంటే చిప్‌లో మూడొంతుల జాగా ఖాళీగా ఉన్నా లింకర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఎల్‌ఈడీ వెలిగించడానికి 2 కేబీ ధారాళంగా సరిపోతుంది. ఎల్‌సీడీ, కీప్యాడ్, సీరియల్ పోర్టు కలిసిన ఫైనలియర్ ప్రాజెక్టుకి, అందులోనూ ఫ్లోట్ లెక్కలుంటే, ఇరుకే.

ఎస్‌డీసీసీ అనే మరో కంపైలర్‌కి ఆ పరిమితి లేదు, పైసా ఖర్చూ లేదు. అలాగని కీల్‌కి డబ్బు ఊరికే అడగరు. అసలు కొరత ర్యామ్‌లో ఉంది. 256లో కింది 128 బైట్లనే నేరుగా అందుకోగలం. అందులో రిజిస్టర్ బ్యాంకులకు 32, బిట్ అడ్రసింగ్‌కి 16 పోతే మిగిలేవి 80. పై 128ని పాయింటర్ ద్వారానే ముట్టుకోవాలి. స్టాక్‌ని అక్కడికి పంపడం మేలు. ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్స్‌కి కూడా 8051 కంపైలర్లు మామూలుగా స్థిరమైన అడ్రసులే ఇస్తాయి. ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తుందో కీల్ లింకర్ మొత్తం చూసి, ఒకేసారి నడవని ఫంక్షన్లకు అవే బైట్లను పంచుతుంది. ఎస్‌డీసీసీ ఆ పొదుపు చేసేది ఇంకే ఫంక్షన్‌నీ పిలవని చివరి ఫంక్షన్లకే.

ఏ కంపైలరైనా మన దుబారాను మాత్రం ఆపదు. 16 అక్షరాల ఎల్‌సీడీ లైనుకి చివరి సున్నాతో కలిపి 17 బైట్లు. అలాంటి పది సందేశాలను మామూలు క్యారెక్టర్ అర్రేలుగా రాస్తే 170 బైట్ల ర్యామ్ హరీ. డిక్లరేషన్‌లో ‘కోడ్’ అని చేరిస్తే అవి ఫ్లాష్‌లోనే ఉంటాయి. ఎస్‌డీసీసీలో అదే మాట ముందు రెండు అండర్‌స్కోర్లు కావాలి. కాబట్టి కంపైలర్ మార్చాలనుకుంటే ప్రాజెక్టు మొదట్లోనే మార్చుకోండి.

ఆర్డుయినో ఉనోలోని ఏటీమెగా328పీకి ఈ బేరం లేదు: 32 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్, ఉచితంగా ఏవీఆర్ జీసీసీ కంపైలర్. ఇక్కడ పొంచి ఉన్న చిక్కు వేరు. ఎల్‌ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్ రీడింగ్ 56 అనుకోండి. దాన్ని 5000తో హెచ్చించి 1024తో భాగిస్తే 273 మిల్లీవోల్టులు, అంటే 27.3 డిగ్రీలు. కానీ ఏవీఆర్ జీసీసీలో ‘ఇంట్’ 16 బిట్లే. 56 × 5000 = 2,80,000 అందులో పట్టదు. సాధారణంగా మిగిలేది 17,856. ఫలితం 17 మిల్లీవోల్టులు. మే నెల ఎండలో తెర మీద 1.7 డిగ్రీలు! ఇదే లెక్క ల్యాప్‌టాప్‌లో సరిగ్గా వస్తుంది, అక్కడ ‘ఇంట్’ 32 బిట్లు కనుక. 5000 పక్కన ‘ఎల్’ ఒక్క అక్షరం పెడితే చాలు.

ఎస్‌టీఎం32ఎఫ్103సీ8 లాంటి ఆర్మ్ చిప్‌కి వస్తే 64 కేబీ ఫ్లాష్, 20 కేబీ ర్యామ్, 32 బిట్ల ‘ఇంట్’. నేర్చుకోవడానికి, చిన్న ఉత్పత్తులకు ఉచిత జీసీసీ చాలు. ఐఏఆర్ లాంటి ఖరీదైన కంపైలర్లు నా దృష్టిలో ప్రధానంగా భద్రతా సర్టిఫికేషన్ తప్పనిసరైన వాహన, వైద్య పరికరాల కంపెనీలు కొనుక్కోవాల్సినవి.