ధ్వని మోసే బరువెంత?

2017లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ధ్వనిని పుట్టించే 72 చిన్న ట్రాన్స్‌డ్యూసర్లతో ‘టైనీలెవ్’ అనే పరికరాన్ని చవగ్గా తయారుచేసుకునే పద్ధతి ప్రకటించారు. అందులో థర్మోకోల్ పూసలు, నీటిచుక్కలు ధ్వని బలంతోనే, వేరే ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలుస్తాయి. ఈ వింత చుట్టూ అపోహలూ తక్కువేమీ లేవు.

అపోహ: ఫ్యాను గాలిలా శబ్దం వస్తువును కింది నుంచి పైకి నెడుతుంది.
వాస్తవం: ఎదురెదురు తరంగాలు కలిసి స్థిర తరంగం ఏర్పడుతుంది. అందులో పీడనం దాదాపు మారని చోట్లు అర తరంగదైర్ఘ్యానికొకటి ఉంటాయి. మన చెవికి వినపడని 40 కిలోహెర్ట్జ్ ధ్వనిలో ఆ ఎడం సుమారు 4.3 మిల్లీమీటర్లు. పూస అటూ ఇటూ జరిగితే బలం దాన్ని మళ్లీ అక్కడికే లాగుతుంది. సొంత బరువు వల్ల పూస ఆ చోటికి కాస్త దిగువన కుదురుకుంటుంది.

అపోహ: ఇంత చిన్న బలాన్ని కొలవలేం.
వాస్తవం: 2 మిల్లీమీటర్ల నీటిచుక్క బరువు సుమారు 41 మైక్రోన్యూటన్లు. ధ్వని తీవ్రతను మెల్లగా తగ్గిస్తూ పోతే, చుక్క జారిపోయే క్షణాన తరంగం మోయగల గరిష్ఠ బలం ఆ బరువుకు సమానం. పూసను కదిపి, దాని ఊగిసలాటను హైస్పీడ్ కెమెరాతో లెక్కించినా తరంగం పట్టు ఎంతో తెలుస్తుంది. వైద్య అల్ట్రాసౌండ్ పరికరాల సామర్థ్యాన్ని త్రాసుతోనే తూస్తారు: నీటిలో ఒక వాట్ ధ్వనిని పూర్తిగా పీల్చుకునే ఫలకంపై సుమారు 69 మిల్లీగ్రాముల బరువంత బలం పడుతుంది.

అపోహ: తేలికపాటి వస్తువులే నిలుస్తాయి.
వాస్తవం: తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్న వస్తువుల్లో ధ్వని బలమూ, బరువూ రెండూ ఘనపరిమాణంతోపాటే పెరుగుతాయి. కాబట్టి తేల్చేది సాంద్రత. 2002లో చైనా శాస్త్రవేత్తలు పాదరసాన్నీ, అత్యంత సాంద్రమైన లోహాల్లో ఒకటైన ఇరిడియాన్నీ గాలిలో నిలిపారు.

అపోహ: ప్రాచీనులు మంత్రాలతో, బూరల మోతతో బండలను లేపారు.
వాస్తవం: బలం పీడనం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, పౌనఃపున్యం తగ్గితే తగ్గుతుంది. 40 కిలోహెర్ట్జ్ వద్ద నీటిచుక్కకు వాతావరణ పీడనంలో రెండు శాతం లోపు ఒడిదుడుకు చాలు. మనిషి గొంతు పలికే 200 హెర్ట్జ్ వద్ద చిన్న గులకరాయి నిలవాలన్నా అది దాదాపు 40 శాతం ఉండాలి. మామూలు మాటల్లో ఉండేది అందులో పది లక్షల్లో ఒక వంతే.