రొమ్ము రిపోర్టులో ఆ అంకెకు అర్థమేమిటి?

మామోగ్రామ్ రిపోర్టు చేతికి రాగానే ఇంటివారు చూసేది చివరి వరుస. అక్కడ 'బైరాడ్స్ 4' అని ఉంటే "నాలుగో దశకు వచ్చేసిందట" అని ఏడుపులు మొదలవుతాయి. అమలాపురం నుండి వచ్చినవారైనా, భీమవరం నుండి వచ్చినవారైనా ఇదే మాట. ఆ అంకె జబ్బు దశ కాదు. ఫిల్ము చూసిన డాక్టరుగారికి ఎంత అనుమానం ఉందో తెలిపే అంకె మాత్రమే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1993లో తెచ్చిన పద్ధతి ఇది.

0 అంటే 'ఏమీ లేదు' అని కాదు. చూసింది చాలలేదు, ఇంకో ఫిల్ము గాని, అల్ట్రాసౌండ్ గాని, పాత ఫిల్ములు గాని కావాలని అర్థం. సున్నా చూసి సంతోషంగా ఇంటికి వెళ్లిపోయేవారి గురించే మాకు బెంగ ఎక్కువ. 1, 2 అయితే ఫిల్ములో క్యాన్సరు అనుమానం లేదు. 3లో క్యాన్సరు అవకాశం నూటికి 2కు మించదు, సాధారణంగా 6 నెలలకు మళ్లీ చూస్తారు. 4లో అది నూటికి 2 నుండి 95 వరకు ఎంతైనా కావచ్చు. అందుకే ముక్క పరీక్ష అడుగుతారు. 5 అంటే అనుమానం చాలా గట్టిది. 6 ముక్క పరీక్షలో ముందే తేలినవారికి.

రేడియాలజిస్టు చూసేది నీడలను. గడ్డ అంచులు నున్నగా ఉన్నాయా, ముళ్లలా ఉన్నాయా, సున్నపు చుక్కలు గుంపుగా ఉన్నాయా అని చూస్తారు. చిన్న వయసువారి రొమ్ము దట్టంగా ఉండి ఫిల్ములో తెల్లగా పడుతుంది. గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది కాబట్టి వారికి అల్ట్రాసౌండ్ రాస్తారు. సర్జన్‌గారు అదే ఫిల్ము పక్కన పెట్టుకుని చేతితో తడిమి చూస్తారు. ఫిల్ము బాగున్నా, చేతికి అనుమానంగా తగిలితే ముక్క తీయమంటారు. "ఆ డాక్టరు లేదన్నారు, ఈయన ఉందంటున్నారు" అని కోపగించుకోకండి. ఇద్దరూ చూసింది వేరువేరు.

క్యాన్సరు అవునో కాదో తేల్చేది మైక్రోస్కోపు కింద కణాలను చూసే పాథాలజిస్టు. అయితే ఫిల్ము గట్టి అనుమానం చూపుతుండగా ముక్క మామూలుగా వస్తే, సూది గడ్డ పక్కకు వెళ్లి ఉండవచ్చు. అప్పుడు మళ్లీ తీస్తారు. సూది పెడితే జబ్బు పాకిపోతుందని పొరుగువారు చెబితే నమ్మి నెలలు పోగొట్టుకోవద్దు. దశ లెక్క ఆ తరువాతే. గడ్డ సైజు, చంకలోని గ్రంథులు, జబ్బు ఇతర అవయవాలకు చేరిందా లేదా చూసి క్యాన్సరు డాక్టర్లు చెబుతారు.

మనవారు స్కానింగు ఒక ఊళ్లో, ముక్క పరీక్ష మరో ఊళ్లో చేయించుకుంటారు. రాజమండ్రి వెళ్లినా, కాకినాడ వెళ్లినా, హైదరాబాదు వెళ్లినా కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. ఫిల్ములు, సీడీ ఇస్తే సీడీ, పాత రిపోర్టులు అన్నీ ఒకే సంచిలో పెట్టండి. ఫిల్ములను మడవకండి.