లేడిపిల్లకు అడవినిచ్చిన చిత్రకారుడు

బొమ్మల సినిమా అనగానే గెంతే కుందేలూ, మాట్లాడే ఎలుకా గుర్తుకొస్తాయి. వాటి వెనుక ఉండే చెట్టూ పుట్టా ఎవరికీ పట్టవు. నిజానికి సగం కథ చెప్పేవి అవే. 1942 ఆగస్టులో విడుదలైన వాల్ట్ డిస్నీ చిత్రం ‘బాంబి’ ఇందుకు చక్కని నిదర్శనం.

చేతితో గీసే బొమ్మల చిత్రాల్లో అప్పట్లో పాత్రలను పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకులపై వేసేవారు. సెకనుకు 24 ఫ్రేములు కావాలి కనుక ఆ రేకులు మారుతూనే ఉండేవి. వాటి అడుగున పరిచే రంగుల చిత్రం మాత్రం తరచు ఆ షాట్ ముగిసేదాకా ఒకటే. నాటకంలో వెనుక తెర చేసే పనే అది. వేళ ఏదో, ఋతువు ఏదో, రాబోయేది సుఖమో దుఃఖమో పాత్ర నోరు విప్పకముందే అది చెప్పేస్తుంది.

ఆకుల్లో తప్పిపోయిన లేడి

ఫెలిక్స్ సాల్టెన్ అనే ఆస్ట్రియా రచయిత 1923 నాటి నవల ‘బాంబి’కి ఆధారం. అడవి సహజంగా ఉండాలని స్టూడియో చిత్రకారులు మొదట ఆకులూ కొమ్మలూ పొల్లుపోకుండా గీశారు. తీరా చూస్తే ఆ గుబురులో లేడే కనిపించకుండా పోయింది!

ఆ చిక్కు విప్పినవారు టైరస్ వాంగ్. 1910లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పుట్టి, 1920లో తండ్రి వెంట అమెరికా చేరారు. చైనీయుల రాకను నిషేధించే చట్టం అమల్లో ఉన్న రోజులవి. మారుపేర్లతో దేశంలో అడుగుపెట్టవలసి వచ్చింది. ఏంజెల్ ద్వీపంలోని నిర్బంధ శిబిరంలో ఆ బాలుడు తండ్రికి దూరంగా కొన్ని వారాలు గడిపాడు. తర్వాత సిరా కొనే స్తోమత లేక, నీళ్లలో ముంచిన కుంచెతో పాత దినపత్రికలపై అక్షరాలు దిద్దించారు తండ్రి.

1938లో డిస్నీలో చేరిన వాంగ్‌కు దొరికింది, ఒక భంగిమకూ మరో భంగిమకూ నడుమ వచ్చే బొమ్మలు గీసే చాకిరి. ‘బాంబి’ సంగతి తెలిసి, ఎవరూ అడగకుండానే అడవి దృశ్యాలు వేసి చూపారు. చైనా ప్రాచీన ప్రకృతి చిత్రాల ఒరవడి అది. నాలుగు చెట్ల మొదళ్లు, పొగమంచు, ఒక వెలుగు చార, మధ్యన చిన్న లేడి. మిగతా అడవిని చూసేవారే ఊహించుకోవాలి. చిత్రమంతటికీ ఆ పద్ధతే ఖాయమైంది.

రంగే మాట్లాడుతుంది

తల్లిలేడి మరణ ఘట్టంలో వేటగాడు కనిపించడు. తుపాకి మోత వినిపిస్తుంది. ఆ తర్వాత కురిసే మంచు, మసక చెట్ల మధ్య తల్లికోసం వెతికే పిల్ల. అంతే. చూసేవారి గుండె బరువెక్కుతుంది. మగలేళ్ల పోరులోనైతే పచ్చని అడవి చీకటిగా, మండే రంగులతో కనిపిస్తుంది. అది అడవి రంగు కాదు, పోరాడే ప్రాణి ఆవేశం.

ఇంత చేసిన వాంగ్‌కు దక్కింది స్వల్పం. 1941లో స్టూడియోలో సమ్మె జరిగింది. ఆయన అందులో పాల్గొనకపోయినా, తదనంతరం ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు చిత్రం విడుదలైనప్పుడు నేపథ్య చిత్రకారుల్లో ఒకరిగా మాత్రమే టైటిల్స్‌లో పేరు పడింది. వార్నర్ బ్రదర్స్‌లో 1968 దాకా పనిచేశారు. 2001లో గానీ డిస్నీ సంస్థ ‘డిస్నీ లెజెండ్’ గౌరవం ఇవ్వలేదు. 2016లో 106 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

‘బాంబి’ని ఇప్పుడు చూసేవారు లేడిపిల్లతోపాటు దాని వెనుక మంచునూ ఓ క్షణం చూడాలి. వాంగ్ కథ చెప్పింది అక్కడే.