ఉప్పును ఆపిన పొర

1950ల చివర్లో, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు ఒక పల్చటి ప్లాస్టిక్ రేకు గుండా ఉప్పునీటిని బలంగా నెట్టి చూస్తున్నారు. ఒకరు సిడ్నీ లోబ్, ఏళ్ల తరబడి పరిశ్రమల్లో పనిచేసి నలభై దాటాక మళ్ళీ విద్యార్థిగా చేరిన ఇంజనీరు. రెండోవారు శ్రీనివాస సౌరిరాజన్, మన దేశం నుంచి వెళ్ళిన రసాయన శాస్త్రవేత్త. ఆ రేకు కొత్తదేమీ కాదు, ఒక కంపెనీ తయారుచేసి అమ్ముతున్న సెల్యులోజ్ ఎసిటేట్ ఫిల్టరే. దాన్ని నీటిలో వేడిచేసి, పరికరంలో బిగించి ఒత్తిడి పెడితే ఒకసారి అవతలికి మంచినీళ్ళు వచ్చేవి. ఇంకోసారి ఉప్పునీళ్ళు ఉప్పునీళ్ళుగానే వచ్చేవి. రేకు అదే, ఒత్తిడి అదే. చివరికి తేలిందేమిటంటే, బిగించేటప్పుడు రేకు ఏ ముఖం ఉప్పునీటి వైపు ఉందన్నదే అసలు సంగతి.

చూడడానికి రెండు ముఖాలూ ఒకటే. కానీ ఒక ముఖాన, పాల మీద మీగడ కట్టినట్టు, అతి పల్చని దట్టమైన పొర ఉంది. దాని కిందంతా నీరు తేలిగ్గా జారిపోయే సందుల మయం. ఉప్పును ఆపేది ఆ పైపొర ఒక్కటే, మిగతాదంతా దానికి ఆసరా. ఈ రోజు మన వంటింటి గోడకు వేలాడుతున్న ఆర్వో యంత్రం పుట్టింది ఆ గమనింపులోంచే. దుకాణంలో ఇచ్చే రంగురంగుల కాగితం కన్నా ఈ యంత్రం జీవితకథ తెలిస్తేనే దాన్ని సరిగ్గా ఎంచుకోగలమని నా నమ్మకం. ఎందుకంటే ఆ పెట్టెలోని ప్రతి భాగమూ ఎవరో ఒకరికి ఎదురైన చిక్కుకు దొరికిన జవాబు. ఆ చిక్కు మన నీటిలో ఉందా లేదా అన్నదే మనం తేల్చుకోవలసింది.

కథ మొదలు ఇంకా వెనక ఉంది. 1748లో ఫ్రాన్సులో నొలే అనే మతగురువు, భౌతిక శాస్త్రవేత్త కూడా, ఒక పాత్రలో మద్యసారం నింపి, మూతికి పంది మూత్రాశయపు పొర బిగించి నీటిలో ముంచాడు. నీరు ఆ పొర గుండా లోపలికి చొరబడి దాన్ని ఉబ్బించింది. పల్చని ద్రవం వైపు నుంచి చిక్కని ద్రవం వైపుకు నీరు తనంతట తాను సాగే ఈ గుణమే ద్రవాభిసరణం. చెట్టు వేరు నేలలోని తేమను పీల్చుకోవడంలోనూ, ఉప్పులో వేసిన మామిడి ముక్కలోంచి నీరు ఊరడంలోనూ పనిచేసేది ఇదే. నీరు ఇలా లాగబడే బలాన్ని లెక్కకట్టే సూత్రాన్ని డచ్చి శాస్త్రవేత్త వాంట్ హాఫ్ ఇచ్చాడు. రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్, 1901లో, ఆయనకే వచ్చింది.

ఆ బలాన్ని మించిన ఒత్తిడి చిక్కని వైపు నుంచి పెడితే నీరు వెనక్కి నడుస్తుంది, ఉప్పు ఇవతలే ఉండిపోతుంది. రివర్స్ ఆస్మోసిస్, పొట్టిగా ఆర్వో అంటే ఇదే. సముద్రపు నీటికైతే కనీసం 27 వాతావరణ పీడనాలు దాటాలి. లీటరులో 1000 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీటికి ఒక్క వాతావరణ పీడనం కూడా అక్కర్లేదు. ఇంటి యంత్రంలోని చిన్న పంపు ఇచ్చే నాలుగైదు వాతావరణ పీడనాలు దానికి సరిపోవడం అందుకే. బోరు నీరు మరీ ఉప్పగా ఉంటే అదే యంత్రం నీరసించడమూ అందుకే.

సూత్రం తెలిసింది కానీ, యంత్రం చాలాకాలం రాలేదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చార్లెస్ రీడ్, ఆయన విద్యార్థి బ్రెటన్ 1950లలోనే సెల్యులోజ్ ఎసిటేట్ పొర ఉప్పును చక్కగా ఆపుతుందని చూపించారు. అయితే నీరు దిగే తీరు మహా నిదానం. పొర మందంగా ఉంటే నీరు రాదు, పల్చన చేస్తే ఒత్తిడికి చినిగిపోతుంది. లోబ్, సౌరిరాజన్ గమనించిన రెండు ముఖాల రహస్యం ఈ చిక్కుముడిని విప్పింది. ఆపే పని అతి పల్చని పైపొరకు, ఒత్తిడిని మోసే పని కింది మందపు పొరకు. కొన్న రేకుతో ఊరుకోకుండా వాళ్ళు సొంతంగా తయారీకి దిగారు. సెల్యులోజ్ ఎసిటేట్‌ను ఎసిటోన్‌లో కరిగించి, మెగ్నీషియం పెర్‌క్లోరేట్ అనే లవణాన్నీ కొంత నీటినీ కలిపి, గాజు పలక మీద పల్చగా పరిచి, చల్లటి నీటిలో ముంచి, ఆ తర్వాత వేడినీటిలో పదును పెట్టారు. పాత పొర కన్నా సుమారు పది రెట్ల నీరు దిగింది. ఆ తర్వాత సౌరిరాజన్ కెనడా వెళ్ళి, ఒట్టావాలోని జాతీయ పరిశోధన మండలిలో ఈ పొరల మీదే దశాబ్దాలు పనిచేశారు. ఇంటింటా ఆర్వో ఉన్న మన దేశంలో ఆయన పేరు తెలిసినవారు ఇంత తక్కువగా ఉండడం నాకు బాధగా ఉంటుంది.

1965లో కాలిఫోర్నియాలోని కొలింగా అనే చమురు బావుల ఊరికి ఈ పొర చేరింది. అక్కడి భూగర్భజలం ఉప్పన, ఒకప్పుడు తాగునీటిని రైలు మీద తెప్పించుకున్న ఊరు అది. అక్కడ పెట్టిన యంత్రం రోజుకు సుమారు 19 వేల లీటర్ల మంచినీళ్ళు ఇచ్చింది. ఒక ఊరి దాహానికి ఆర్వో పనికొచ్చిన తొలి సందర్భం అదే. గమనించండి, అది సముద్రతీరం కాదు, ఉప్పు బోర్ల ఊరు. పల్నాటి వాళ్ళకో ప్రకాశం జిల్లా వాళ్ళకో కొలింగా కష్టాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మన యంత్రాల్లో ఉన్నది లోబ్, సౌరిరాజన్‌ల సెల్యులోజ్ కాదు. 1970ల చివర మినియాపొలిస్‌లో జాన్ కాడోట్ అనే శాస్త్రవేత్త వేరే దారి తొక్కాడు. సందులున్న ఆసరా పొరను ఒక రసాయనం కలిపిన నీటిలో తడిపి, దాని మీద నూనెలాంటి ద్రావణిలో కరిగించిన మరో రసాయనాన్ని పోశాడు. నీరూ నూనె కలవవు కనుక వాటి హద్దు మీదే, క్షణాల్లో, పాలిఅమైడ్ అనే పొర ఏర్పడుతుంది. నైలాన్‌కు చుట్టమే అది. దాని మందం మిల్లీమీటరులో పదివేలో వంతుకు అటూ ఇటూ. తక్కువ ఒత్తిడికే ఎక్కువ నీరిస్తుంది, ఉప్పును ఇంకా బాగా ఆపుతుంది. అంత పల్చని దాని లోపల నీరు ఎలా ప్రయాణిస్తుందన్నది ఇప్పటికీ వాదనే. పొర పదార్థంలో నీటి అణువులు కరిగి అవతలికి పాకుతాయని 1960ల నుంచి పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. కాదు, అతి సూక్ష్మమైన సందుల్లోంచే ప్రవహిస్తుందని 2023లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. కోట్ల ఇళ్ళలో పనిచేస్తున్న వస్తువు గురించి మూల ప్రశ్న ఇంకా తెరిచే ఉండడం నాకు గొప్పగా తోస్తుంది.

పాలిఅమైడ్‌కు ఒక శత్రువు ఉంది, క్లోరిన్. మునిసిపాలిటీ మన క్షేమం కోసం నీటిలో కలిపే క్లోరినే ఈ పొరను మెల్లగా విరిచేస్తుంది. అందుకే యంత్రంలో మెంబ్రేన్ అని పిలిచే ఈ పొరకు ముందు కార్బన్ క్యాట్రిడ్జ్ ఉంటుంది. అది రుచి కోసం పెట్టిందని చాలామంది అనుకుంటారు. మొదటి పని మెంబ్రేన్‌ను కాపాడడం. సర్వీసు ఖర్చు మిగుల్చుకుందామని కార్బన్ మార్చడం వాయిదా వేసి, ఏడాది తిరక్కుండా ఖరీదైన మెంబ్రేన్‌ను పారేసుకునే ఇళ్ళు ఎన్నో. కార్బన్‌కూ ముందు మట్టినీ తుప్పునూ పట్టే దారపు క్యాండిల్, వెనక పంపు, ఆ తర్వాత బొంగులాంటి గొట్టంలో చుట్టచుట్టిన మెంబ్రేన్. దాని మీద 80 జీపీడీ అని ఉంటే రోజుకు 80 గ్యాలన్లని, అంటే సుమారు 300 లీటర్లు, గంటకు 12 లీటర్ల పైచిలుకు. చలికాలంలో ట్యాంకు నిండడం ఆలస్యమైతే యంత్రం చెడిపోయిందని కంగారుపడకండి. నీరు చల్లబడితే పొర గుండా దిగడం తగ్గుతుంది, అంతే.

తెలుగు నేలకు ఈ పొరతో ఉన్న బంధం ఉప్పు కన్నా ఫ్లోరైడ్ వల్ల ఎక్కువ. ఎముకలు వంకర్లు పోయి, నడుము బిగుసుకుపోయే జబ్బుకు కారణం తాగే నీటిలోని ఫ్లోరైడేనని 1937లో వైద్యులు ప్రకటించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని మన పల్లెలను చూసే. ఆ తర్వాత నల్లగొండ ఆ బాధకు మారుపేరైంది. నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్‌ను తగ్గించే చవక పద్ధతిని తయారుచేస్తే దానికి నల్లగొండ పేరే పెట్టారు. ప్లాంట్లూ క్యాన్లూ ఆ తర్వాతే వచ్చాయి. ఊరి మధ్య ఆర్వో ప్లాంటు, 20 లీటర్ల నీలం క్యాను. ఫ్లోరైడ్‌లో తొంభై శాతానికి పైగా ఆపగల పొర అక్కడ విలాసం కాదు. పిల్లల కాళ్ళను కాపాడే వస్తువు.

మరి ప్రతి ఇంటికీ ఆర్వో కావాలా? అక్కర్లేదు. తెలంగాణలో ఇప్పుడు మిషన్ భగీరథ పథకం నల్లాల ద్వారా కృష్ణా, గోదావరి నీళ్ళు పల్లెలకు వస్తున్నాయి. శుద్ధి చేసిన నది నీటిలో లవణాలు సాధారణంగా తక్కువే. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) దాకా నీరు నిక్షేపంగా తాగవచ్చు. వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. 200 టీడీఎస్ ఉన్న నది నీటిని ఆర్వోలో పోసి 20 చేసుకుని తాగడం అనవసరమే కాదు, కాల్షియం, మెగ్నీషియంలను చేజేతులా కాలవలో పోసుకోవడం. ఆ నీటికి ఉన్న భయం సూక్ష్మజీవులైతే, అతినీలలోహిత దీపం ఉన్న యూవీ యంత్రం చాలు. లేదంటే మరగబెట్టండి. 500 లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్వో వాడనివ్వవద్దని 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది కూడా.

చిక్కల్లా అపార్ట్‌మెంట్లలో. ఒకే సంపులో నల్లా నీళ్ళూ, బోరు నీళ్ళూ, వేసవిలో ట్యాంకరు నీళ్ళూ కలుస్తాయి. జనవరిలో కొలిచిన అంకె మే నెలలో ఉండదు. అలాంటి చోట కొనే ముందు ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి నీటిని పరీక్ష చేయించాలి. కేవలం టీడీఎస్ మీటరుతో కాదు. పెన్నులా ఉండే ఆ మీటరు కొలిచేది నీటిలో విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతుందో, అంతవరకే. ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత, ఆర్సెనిక్ ఉందా అన్నది దానికి తెలియదు. కలరా సూక్ష్మజీవులు ఈదుతున్న నీరు కూడా దాని మీద 150 చూపించవచ్చు. అమ్మడానికి వచ్చినవాళ్ళు మన నల్లా నీళ్ళలో పెన్ను ముంచి అంకె చూపించి బెదిరిస్తే బెదరకండి. ప్రయోగశాల కాగితంలో చూడాల్సినవి ఫ్లోరైడ్ 1, నైట్రేట్ 45, కాఠిన్యం 200. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది.

బోరు మీదే ఆధారపడి ఆర్వో కొనక తప్పనివాళ్ళకు నేను గట్టిగా చెప్పేది టీడీఎస్ కంట్రోలర్ గురించి. చాలా యంత్రాల్లో ఒక చిన్న మర ఉంటుంది, తిప్పితే నీటి రుచి మారుతుంది. అది చేసేది ఏమిటంటే, మెంబ్రేన్ దాటని ముడి నీటిని కొంత, శుద్ధి అయిన నీటిలో కలపడం. బోరు నీటిలో ఫ్లోరైడ్ 4, టీడీఎస్ 1000 ఉందనుకోండి. మెంబ్రేన్ దాటాక ఫ్లోరైడ్ 0.2కు దిగుతుంది. రుచి కోసం నాలుగో వంతు ముడి నీరు కలిస్తే ఫ్లోరైడ్ మళ్ళీ 1 దాటుతుంది. మీటరు మాత్రం 300 అని ముచ్చటైన అంకె చూపిస్తుంది. ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్ ఉన్న ఊళ్ళో ఈ మర పూర్తిగా కట్టేసి ఉండాలి. ఖనిజాలు కావాలంటే శుద్ధి అయిన నీటికి కాల్షియం, మెగ్నీషియం చేర్చే క్యాట్రిడ్జ్ ఉన్న యంత్రం తీసుకోండి.

కొన్నాక, నెలకోసారి లోపలికి పోయే నీటి టీడీఎస్, బయటికి వచ్చేదాని టీడీఎస్ రాసి పెట్టుకోవడం మంచి అలవాటు. పెన్నుకు నిజంగా పనికొచ్చే చోటు ఇదే. బయటి అంకె నెలనెలా పెరుగుతుంటే మెంబ్రేన్ అలిసిపోయినట్టు. నిల్వ ట్యాంకులోని నీటికి క్లోరిన్ రక్షణ ఉండదు కనుక ఊరెళ్ళి వచ్చాక పాత నీరు వదిలేసి, ట్యాంకు కడిగి మళ్ళీ నింపుకోవాలి.

ఇక వేస్ట్ పైపు. సాధారణ ఇంటి యంత్రం ఒక లీటరు ఇచ్చేందుకు మూడు, ఒక్కోసారి నాలుగు లీటర్లు వదిలేస్తుంది. పేరుకున్న లవణాలను కడిగేయకపోతే మెంబ్రేన్ మూసుకుపోతుంది కనుక కొంత వదలక తప్పదు. కానీ ఎంత అన్నది యంత్రాన్ని బట్టి మారుతుంది. కొనే ముందే అడగండి, బిగించాక రెండు పైపుల కిందా రెండు గిన్నెలు పెట్టి పది నిమిషాలు కొలిచి చూడండి. ఆ నీటిని నేల తుడవడానికీ మరుగుదొడ్డికీ వాడవచ్చు. అయితే అది అసలు బోరు నీటి కన్నా ఉప్పనిది, పైన చెప్పిన లెక్కలో 4 ఉన్న ఫ్లోరైడ్ అందులో 5 దాటుతుంది. పెరటి మొక్కలకు రోజూ పోస్తే నేల చవుడెక్కుతుంది. గొడ్ల తొట్టిలో అసలు పోయకండి, ఫ్లోరైడ్ పశువుల పళ్ళనూ ఎముకలనూ కూడా పాడుచేస్తుంది. ఇంటి బోరుకు ఆనుకుని ఇంకుడు గుంత ఉంటే ఆ పైపును అందులోకి వదలకండి.